గడియారం మీద అమ్మ

లియోన్, 1824 మార్చి 9

మామయ్యా,

అమ్మ దొరికింది.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలా అని రెండు రోజులు కలం నములుతూ కూర్చున్నాను. చివరికి ఉన్నమాట ఉన్నట్టు రాసేశాను. అమ్మ మా మదాం రావియే గారి పెద్ద హాల్లో, చలిమంట గూటి పైన, చలువరాతి గట్టు మీద కూర్చుని ఉంది.

మదాం గారి అత్తగారు పోయాక ఆవిడ సామానంతా పడవ మీద వచ్చింది. దుప్పట్లు, తెరలు లెక్క చూసుకోవడం నా పని గనుక నేనక్కడే ఉన్నాను. ఒక పెట్టెలో గడ్డి తీసేసరికి బంగారు మలాము వేసిన గడియారం ఒకటి బయటపడింది. మగ్గం పక్కన ఒక రాణి చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుంది. శనివారం శనివారం వచ్చి ఇంట్లో గడియారాలన్నిటికీ కీ ఇచ్చి వెళ్లే గ్రాసియెన్ అని ఒకతను ఉన్నాడు. అంకెల పలక మీద పేరు అతనే చదివాడు. "మోర్లో, పారిస్. పెనెలోపీ అండీ. మొగుడు యుద్ధం నుంచి వచ్చేదాకా ఇరవై ఏళ్లు ఎదురుచూసిందే, ఆవిడ!"

నేను దుప్పట్ల లెక్క వదిలేసి ఆ ముఖం దగ్గరికి వెళ్లాను. నాకు ఏడేళ్లప్పుడు నువ్వు మఠానికి నన్ను చూడడానికొచ్చి ఏం చెప్పావో గుర్తుందా? "మీ అమ్మ ముఖం ఎలా ఉండేదని అడిగావు కదా. మా మోర్లో గారి దుకాణంలో చేసిన పెనెలోపీ గడియారం చూడు, అదే మీ అమ్మ" అన్నావు. నేను పుట్టిన మూడు వారాలకి పోయిన మనిషిని పదిహేనేళ్లుగా ఎదుటివాళ్ల గట్ల మీద వెతుకుతున్నాను మామయ్యా. అమ్మ ఎంత బాగుంది! సూటి ముక్కు, మూసిన పెదవులు, ఎవరినీ పట్టించుకోని చూపు. ఇంత అందగత్తెకి బంగాళాదుంప ముక్కు, పళ్ల మధ్య సందు ఉన్న నేనెలా పుట్టానో ఆ దేవుడికే తెలియాలి.

ఒక్కటే చిరాకు. కింద దిమ్మ మీద, ద్రాక్షాకుల మధ్య, తాగిన ఆడదాని ముఖమొకటి నోరంతా తెరిచి నవ్వుతోంది. అమ్మ కాళ్ల కింద అదేమిటి? ఆ గ్రాసియెన్ దాన్ని చూసి, నన్ను చూసి, "ఇదిగో, మీ తోబుట్టువు ఇక్కడుంది!" అన్నాడు. నేను లోపలికొచ్చేశాను.

రోజూ పొద్దున్నే అమ్మకి నమస్కారం చెప్పాకే పని మొదలుపెడుతున్న
నీ ఓదిల్


పారిస్, 1824 మార్చి 20

ఓదిల్ తల్లీ,

నీ ఉత్తరం చదివి ఆ పూటకి ఉలి పక్కన పెట్టేశాను. మోర్లో గారు ఆ పెనెలోపీని నాలుగే చేయించారు. ఒకటి రష్యా పోయింది, రెండింటి సంగతి దేవుడికెరుక. నాలుగోది తిరిగి తిరిగి నీ ఇంటికే వచ్చిందంటే ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఆమె చెంప కింద పెట్టుకున్న చెయ్యి చూడు. బొటనవేలు కొంచెం వెనక్కి వంగి ఉంటుంది. అది ముమ్మాటికీ మీ అమ్మ, మా పెరీన్ చెయ్యే. నున్నటి రాయి పట్టుకుని మలాముకి మెరుగు పెట్టీ పెట్టీ అలా వంగింది. నేను కంచు చెక్కేవాణ్ని, నా చెల్లెలు మెరుగు పెట్టేది. మేమిద్దరం ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్లం.

కింద ఉందన్నావే, ఆ నవ్వే ముఖం, దానికి దెబ్బలేమీ తగల్లేదు కదా? దాన్ని మెత్తటి ఈకతోనే తుడువు. వెనిగర్ పెట్టకు. పెనెలోపీ మొగుడు ఇంట్లో లేనప్పుడు ఊళ్లో మగవాళ్లంతా వచ్చి తాగి తందనాలాడారు కదా, అందుకని కింద ద్రాక్షతీగలు వేశాం.

ఇక్కడ వానలు. మా ఇంటావిడ క్యాబేజీ సూపు తప్ప మరొకటి వండనని ఒట్టు పెట్టుకున్నట్టుంది. దుకాణాల్లో దేవతలకి కాలం చెల్లిపోయింది. ఇప్పుడందరికీ ఇనప కవచాలవాళ్లూ చర్చి గోపురాలూ కావాలట. ముప్పై ఏళ్లు సూర్యదేవుడు అపోలో గుర్రాలకి జూలు చెక్కినవాణ్ని, ఇప్పుడు గుళ్లకి కిటికీలు చెక్కుతున్నాను.

ఆ గ్రాసియెన్ ఎవరు? పెళ్లయినవాడా?

నీ మేలు కోరే
మామయ్య అన్సెల్మ్


లియోన్, 1824 ఏప్రిల్ 12

మామయ్యా,

అడిగినదానికి ఆఖర్న జవాబు చెబుతాను. ముందు నీ మీద కోపం తీర్చుకోవాలి.

నేను నీకింత రాస్తే నువ్వు ఆ తాగుబోతుదాని క్షేమం అడుగుతావా? మదాం గారి చిన్నపిల్ల లిలీ రోజూ దాని నోట్లో రొట్టెముక్కలు కుక్కుతుంది. వాటిని సూదితో తీయలేక చస్తున్నాను. అది క్షేమంగానే ఉంది, బెంగపెట్టుకోకు.

నేను మాత్రం మారాను. అద్దం ముందు నిలబడి అమ్మలా పెదవులు మూసుకోవడం నేర్చుకున్నాను. నవ్వొస్తే పళ్లతో నాలుక కొరుక్కుంటున్నాను. మఠంలో సిస్టరమ్మలు పదేళ్లు మొత్తుకున్నా రాని పద్ధతి నెల రోజుల్లో వచ్చేసింది. "ఓదిల్ ఈమధ్య ఎంత హుందాగా తయారైంది!" అని మదాం గారు భోజనాల దగ్గర అన్నారు.

ఇప్పుడు అసలు గొడవ. మొన్న, రాబోయే ఈస్టరుకి కుట్టినవి ఇవ్వడానికి నోటరీ గారింటికి వెళ్లాను. అక్కడి గడియారం మీద వేటకుక్కతో, విల్లుతో, మోకాళ్ల పైదాకా బట్ట ఎగ్గట్టిన వేటదేవత డయానా ఉంది. దాని మెడ మీద అమ్మ తల ఉంది! అదే ముక్కు, అవే పెదవులు. అది చాలదన్నట్టు డాక్టరు గారింట్లో ఇంకో అమ్మ పుస్తకం చదువుతోంది. మామయ్యా, నిజం చెప్పు. అమ్మని ఎక్కడెక్కడ కూర్చోబెట్టావు? ఎవరి ముందు? నువ్వు పక్కనే ఉండి ఒప్పుకున్నావా? ఆ రోజు నోటరీ గారి వంటావిడ ఇచ్చిన చేపవడలు కూడా తినకుండా వచ్చేశాను.

గ్రాసియెన్‌కి పెళ్లి కాలేదు. శనివారాలొస్తే కీ ఇవ్వడానికి పట్టే టైముకన్నా కబుర్లకి పట్టేదే ఎక్కువ. ఇప్పుడు నేను నవ్వడం లేదని అతనూ మాటలు తగ్గించాడు. అదీ మంచిదే.

జవాబు వచ్చేదాకా కోపంగానే ఉండే
ఓదిల్


పారిస్, 1824 ఏప్రిల్ 23

కోపాల తల్లికి,

ఆ మోకాళ్లు ఎవరివో నాకు తెలియదు, కానీ మీ అమ్మవి కావు. ముందు ఆ చేపవడలు తిను.

మా పని సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మోర్లో గారి దుకాణంలో ఒక గూడు ఉండేది. దానినిండా తలల అచ్చులు, ఒంటి అచ్చులు, చేతుల అచ్చులు. ఒక్కో బొమ్మా అయిదారు ముక్కలుగా పోతపోసి, చెక్కి, లోపలినుంచి మరమేకులతో బిగిస్తాం. నెత్తిన నెలవంక పెడితే డయానా. దాన్ని తీసి చేతికి దీపం ఇస్తే మన్మథుణ్ని చూడబోయిన సైకీ. దీపం లాక్కుని గోధుమ కంకులిస్తే పంటల తల్లి. వచ్చినవాళ్లు ఏ దేవత కావాలంటే ఆ దేవత సాయంత్రానికి తయారు. ఒకసారి మా వాళ్లు తొందరలో యుద్ధదేవుడి చేతికి వీనస్ అద్దం బిగించి పంపేశారు. అది కొన్నాయన ఏడాది తర్వాత గానీ కనిపెట్టలేదు.

అందుకని ఆ తల కూడా ఊరంతా తిరిగింది. అంతకుమించి ఏమీ లేదు.

నువ్వు నవ్వడం మానేశావని చదివి నాకేమీ బాగోలేదు. ఎవరు మానమన్నారు? నాకు పనుంది, ఇంతటితో ఆపుతున్నాను.

మామయ్య


లియోన్, 1824 మే 17

మామయ్యా,

నీ ఉత్తరం ఎనిమిదిసార్లు చదివాను. చదవడం కష్టమయ్యే అన్నిసార్లు చదివాను. పై నుంచి కింది దాకా వరసలన్నీ మెట్లెక్కినట్టు పైకి పోతున్నాయి. రెండు చోట్ల మాట మీద మాట రాసేశావు. మూడు పేజీలు రాసేవాడివి ఒక పేజీకి దిగావు. నేను అడిగినదానికి నీకు కోపమొచ్చిందా? లేక ఆ క్యాబేజీ సూపు మరిచిపోవడానికి సీసా పట్టావా? పట్టి ఉంటే చెప్పెయ్యి, తిట్టను. కొంచెమే తిడతాను.

ఇక్కడ ఒకటి జరిగింది. మొన్న శనివారం గ్రాసియెన్ కీ ఇచ్చి, పెట్టె సర్దుకుని, పోకుండా నిలబడ్డాడు. "నాకు జెనీవాలో గడియారాల పని దొరికిందండీ. జూన్ ఆఖర్న, సెయింట్ జాన్ పండుగ వెళ్లిన మర్నాడు బయల్దేరతాను. ఒంటరిగా వెళ్లడం ఇష్టం లేదు" అన్నాడు.

నేను గట్టు వైపు చూశాను. అమ్మ ఏమంటుంది? అమ్మ నోరు విప్పలేదు. నేనూ ఆవిడలాగే ముఖం పెట్టుకున్నాను. "మీకు మంచి జరగాలి గ్రాసియెన్ గారూ" అన్నాను.

అతను టోపీ తిప్పుతూ, "నేను అడగడానికొచ్చింది మిమ్మల్ని కాదేమో లెండి. శనివారాలు ఈ గదిలో ఒకావిడ పగలబడి నవ్వేది. ఆవిడ మార్చి నుంచి కనబడ్డం లేదు. ఎక్కడికెళ్లారో మీకేమైనా తెలుసా?" అన్నాడు.

తెలియదని చెప్పి పంపేశాను. మామయ్యా, నేను చేసింది సరైనదే కదా? తాగుబోతుదాన్ని చూసి నన్ను తలుచుకునే మనిషితో బతకగలనా? పెనెలోపీ కూతురు చెయ్యాల్సిన పని చేశాననే అనుకుంటున్నాను. కానీ ఆ రోజు నుంచి దుప్పట్లకి తప్పు అంచులు కుడుతున్నాను. విప్పి మళ్లీ కుడుతున్నాను. అమ్మ ఉండి ఉంటే అడిగేదాన్ని. లేదు గనక నిన్ను అడుగుతున్నాను.

ఓదిల్


పారిస్, 1824 మే 27

ఓదిల్, నా బంగారుతల్లీ,

కూర్చుని చదువు. నేను నీకు అబద్ధం చెప్పాను.

పెనెలోపీది మీ అమ్మ ముఖం కాదు. అసలు ఎవరి ముఖమూ కాదు. గూట్లో ఉన్న నాలుగో నంబరు తల అది. ఏదో పాత రోము విగ్రహం చూసి చేశారు. ఆ చెయ్యి ఒక్కటే మా పెరీన్‌ది.

ఇలేర్ అని మట్టి నమూనాలు చేసే ముసలాయన ఉండేవాడు. పెనెలోపీకి కూర్చోమని పెరీన్‌ని అడిగాడు. చెయ్యి చెంపకి ఆనించి దిగులుగా కూర్చోవాలి. దానికి దిగులు మొహం పెట్టడం చేతకాదు. ఇలేర్‌కి తుమ్ములెక్కువ. తుమ్ముతాడని తెలిసి, తుమ్మకముందే నవ్వు మొదలెట్టేది. ఎనిమిది రోజులు చూసి, విసిగి, అలా నవ్వుతున్న ముఖాన్నే చేసేశాడు. గుండ్రటి చెంపలు, బంగాళాదుంప ముక్కు, ముందు పళ్ల మధ్య సందు. అంత నిజమైన బొమ్మ ఆ దుకాణంలో అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

మోర్లో గారు చూసి, "మొగుడి కోసం ఇరవై ఏళ్లు ఏడ్చిన రాణికి ఈ పళ్లేమిటయ్యా! దేవతలూ రాణులూ పళ్లు చూపిస్తారా?" అన్నారు. తీగతో మెడ దగ్గర కోసి, నాలుగో నంబరు తల పెట్టించారు. కోసిన ముఖం ఇలేర్ చేతిలో ఉంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెరీన్ నవ్వుతూనే ఉంది. "దాన్ని పారెయ్యకండి. కింద దిమ్మ మీద ఖాళీ ఉందిగా, అక్కడ పెట్టెయ్యండి. పైన ఆవిడ ఏడుస్తా కూర్చుంటే కింద ఒకళ్లైనా నవ్వాలి కదా!" అంది.

ద్రాక్షాకులు అందుకే వచ్చాయి. ముఖాన్ని అక్రోటుకాయంత చిన్నది చేసి పోతపోశారు. నేను పదకొండు రోజులు చెక్కాను. వెనక్కి తిప్పి, ఎవరికీ కనపడని లోపలివైపు నా గుర్తు మూడు చుక్కలు పెట్టి, దాని పేరు గీశాను. మలాము వేసి తెచ్చాక మెరుగు పెట్టింది మీ అమ్మే. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు, ఎనిమిదో నెల. బల్లకి దగ్గరగా కూర్చోలేక పక్కకి తిరిగి కూర్చుని చేసింది. ఆ చెంపల మీద మెరుపు దాని చేతిదే.

నువ్వు ఏడేళ్ల పిల్లవై నల్లబట్టల సిస్టరమ్మల మధ్య నిలబడి అమ్మ ఎలా ఉండేదని అడిగితే, తాగి నోరు తెరిచిన ఆడదాని ముఖమని ఎలా చెప్పను? నీకు రాణి కావాలనుకున్నాను. పైనున్నామెని చూపించాను. దాని ఫలితం ఇన్నేళ్లకి ఇలా తిరిగి వస్తుందని, నువ్వు ఒక రోము రాతిబొమ్మని చూసి నవ్వు మింగుతావని నాకు తట్టలేదు. నన్ను క్షమించు.

ఇంకొకటి. నేను తాగడం లేదు. మూడేళ్లుగా కళ్లు మందగిస్తున్నాయి. ఇప్పుడు వేళ్లతో తడుముకుని చెక్కుతున్నాను. ఈ ఉత్తరం రూళ్లకర్ర ఆనించి రాస్తున్నాను, నాలుగు రోజులు పట్టింది. కళ్లు పోతే పోనీ అనుకున్నాను గానీ, చెప్పడానికి సిగ్గుగా ఉంది తల్లీ, పెరీన్ ముఖం కూడా పోయింది. దాన్ని తలుచుకుంటే ఆ నాలుగో నంబరు తలే వస్తోంది. అబద్ధం చెప్పీ చెప్పీ నాకే అంటుకుంది. నా చెల్లెలి ముఖం ఇప్పుడు ఈ భూమ్మీద నీ దగ్గరే ఉంది, అందుకే దానికి దెబ్బలు తగిలాయా అని అడిగాను.

గ్రాసియెన్ కళ్లున్నవాడు. అంతకన్నా నేను చెప్పను.

నీ మామయ్య అన్సెల్మ్


లియోన్, 1824 జూన్ 7

మామయ్యా, మామయ్యా,

నీ మీద కోపం ఒక పూట ఉంది. మధ్యాహ్నానికి ఏడుపయింది. శనివారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టాను.

గ్రాసియెన్ వచ్చాడు. మదాం గారిని అడిగి, ఆ కింది ముఖం విప్పమన్నాను. ఎందుకని అడగలేదు, పనిముట్లు తీశాడు. నాలుగు మరమేకులు ఊడదీసి, వెనక్కి తిప్పి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. మూడు చుక్కలున్నాయి. కింద "పెరీన్" అని ఉంది. చివరి అక్షరం దగ్గర నీ ఉలి జారింది చూశావా? ఇరవై రెండేళ్ల కిందటి ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత ఆ ముఖాన్ని నా ముఖం పక్కన పెట్టుకుని అతని వైపు తిరిగాను. అతను దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏదో ఒకటి అనండి!"

"మొదటి రోజే అన్నాను కదండీ. మీరే లోపలికెళ్లిపోయారు."

అంతే మామయ్యా, నాకు నవ్వొచ్చేసింది. మూడు నెలలుగా మింగినదంతా ఒక్కసారి వచ్చింది. ఏడుస్తూ నవ్వాను. లిలీ పరిగెత్తుకుంటూ వచ్చింది. మదాం గారు పక్కగదిలోంచి, "ఓదిల్! ఆ నోరు!" అని కేకేశారు. మూయలేదు.

"నా తోబుట్టువన్నారు కదా, అది మా అమ్మండీ" అని చెప్పాను. అతను టోపీ తీసి, ఆ చేతిలో ఇమిడే కంచు ముక్కకి వంగి దండం పెట్టాడు. జెనీవా ప్రయాణం సంగతి నేనే మళ్లీ అడిగాను. అడగడానికి సిగ్గేమీ పడలేదు. అమ్మయితే పడేదా?

పెళ్లి జూలైలో, అప్పటిదాకా అతను ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. పారిస్ దారి కాకపోయినా ముందు నీ దగ్గరికే వస్తాం. నువ్వు మాతో జెనీవా వస్తావో, క్యాబేజీ సూపు వదలలేక అక్కడే ఉంటావో ఎదురుగా కూర్చుని తేల్చుకుందాం.

ఈ ఉత్తరంతో బండి మీద ఒక డబ్బా వస్తుంది. గ్రాసియెన్ మైనంతో అమ్మ ముఖానికి అచ్చు తీసి, దాంట్లో ప్లాస్టర్ పోశాడు. అసలుదాన్ని మళ్లీ దాని చోట బిగించేశాం. ఈ ఇంట్లో పైనున్నావిడని ఒంటరిగా వదిలెయ్యలేం కదా. డబ్బా విప్పేటప్పుడు కంగారుపడకు, చేతులు కడుక్కుని విప్పు.

పెరీన్ కూతురు
ఓదిల్


పారిస్, 1824 జూన్ 18

తల్లీ,

డబ్బా వచ్చింది. ఇంటావిడ విప్పుతానంటే ఇవ్వలేదు. చేతులు కడుక్కున్నాను.

ముందు ఆకులు తగిలాయి. అవి నేను చెక్కినవే, వేళ్లకి తెలుసు. తర్వాత చెంపలు. ముక్కు దగ్గర భయమేసి ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టాను. కింది పెదవి దాటాక బొటనవేలి గోరు పళ్ల మధ్య సందులో దిగి ఆగిపోయింది. ఆ సందులోంచి అది ఈల వేసేది, ఓదిల్. ఆ మాటే మరిచిపోయాను. ఇలేర్ తుమ్మబోతుంటే ఈల వేసి హెచ్చరించేది. ఆ నాలుగో నంబరు తల వెళ్లిపోయింది. పెరీన్ వచ్చి నా బల్లకి అవతల కూర్చుంది. ఇంటావిడ ఎందుకేడుస్తున్నావని అడిగింది. నవ్వుతున్నానని చెప్పాను.

జూలైలో రండి. నువ్వు గుమ్మంలోకి రాగానే దండం పెట్టకు, క్షేమం అడగకు. ముందు నవ్వు. నాకు కనబడవు, ఆ నవ్వును బట్టి ఎవరొచ్చారో పోల్చుకుంటాను.

మామయ్య